రాజప్రాసాదం ప్రజాప్రదర్శనశాల అయిన తీరు: లూవ్ర్ సందర్శన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పారిస్ నగరంలోని లూవ్ర్ మొదట కోట, తరువాత రాజనివాసం, 1793 నుండి ప్రజాప్రదర్శనశాల. ఇటువంటి భవనంలో కళాఖండాలను చూడడమంటే ఆ ఖండాలను మాత్రమే చూడడం కాదు. రాజాధికారం కోసం అమర్చిన మెట్లు, దర్బారు గదులు, పైకప్పు చిత్రాలు, ద్వారాలు సందర్శకుని నడకనూ చూపునూ నేటికీ నిర్దేశిస్తున్నాయి. ఈ వ్యాసం లూవ్ర్ భవనచరిత్రను, సేకరణల మూలాలను, ముఖ్యమైన కొన్ని శాలలను పరిశీలించి, ప్రాసాదలక్షణం ప్రదర్శనశాలలో ఎక్కడెక్కడ మిగిలి ఉన్నదో వివరిస్తుంది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిన ‘రీజెంట్’ వజ్రం లూవ్ర్ సొత్తు కావడాన్ని ఆధారంగా చేసుకొని, తెలుగు పరిశోధకులు ఇటువంటి ప్రదర్శనశాలను ఏ ప్రశ్నలతో సందర్శించవచ్చునో సూచిస్తుంది.

కీలకపదాలు: లూవ్ర్, రాజప్రాసాదం, ప్రదర్శనశాల, ఫ్రెంచి విప్లవం, కొల్లూరు వజ్రం, సందర్శకుడు, కళాఖండాల యాజమాన్యం.

1. ప్రవేశిక

తెలుగులో రాజగృహానికి, అందులోని భాగాలకు ఉన్న పేర్లు చాలా. కోట, నగరు, మొగసాల, హజారం, కొలువుకూటం, అంతఃపురం – ఇవన్నీ స్థలాల పేర్లే అయినా ఒక్కొక్క పేరు ఒక్కొక్క హద్దును కూడా చెబుతుంది. మొగసాల దాకా రాగలిగినవాడు కొలువుకూటం చేరగలడన్న నమ్మకం లేదు. కొలువులో నిలిచే అర్హత ఉన్నవానికి కూడా అంతఃపురంలో ప్రవేశం లేదు. రాజుకు ఎవరు ఎంత దగ్గరగా రావచ్చు అన్నదే ప్రాసాదనిర్మాణానికి మూలసూత్రం. కాబట్టి ప్రాసాదాన్ని గదుల సముదాయంగా కాక, దూరాల అమరికగా గ్రహించాలి.

అటువంటి భవనం ప్రజలందరికీ తెరచిన ప్రదర్శనశాలగా మారినప్పుడు ఆ దూరాలు ఏమవుతాయి? ఇది ఒక్క దేశానికి చెందిన ప్రశ్న కాదు. రష్యాలో జార్ చక్రవర్తుల శీతకాలప్రాసాదం ఎర్మిటాజ్ ప్రదర్శనశాలలో భాగమైంది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి ప్రాసాదం 1924లోను, బీజింగ్‌లోని నిషిద్ధనగరం 1925లోను ప్రదర్శనశాలలయ్యాయి. రాజరికం పతనమైన చోట రాజగృహాన్ని ఏం చేయాలన్న సమస్యకు ఆధునిక రాజ్యాలు కనుగొన్న సమాధానాలలో ప్రదర్శనశాల ప్రధానమైనది. ఆ సమాధానానికి తొలి గొప్ప నమూనా లూవ్ర్. ఈ వ్యాసానికి దానిని ఎంచుకొనడానికి మొదటి కారణం అదే. తెలుగునేలకు చెందిన ఒక ప్రసిద్ధవస్తువు దాని సేకరణలో ఉండడం రెండవ కారణం.

ప్రదర్శనశాలను ఒక క్రతువుగా చూడవచ్చునని కళాచరిత్రకారిణి క్యారల్ డంకన్ ప్రతిపాదించారు. దేవాలయంలో ప్రదక్షిణమార్గం ఉన్నట్లే ప్రదర్శనశాలలోనూ ఒక నడకదారి ఉంటుంది. ఆ దారిలో నడిచేవాడు తెలిసో తెలియకో ఆ సంస్థ చెప్పదలచిన కథను తన కాళ్లతో అనుసరిస్తాడన్నది ఆమె వాదసారాంశం. ఈ దృష్టి లూవ్ర్ విషయంలో ఉపయోగపడుతుంది. అయితే అక్కడి నడకదారిని ప్రదర్శనశాల నిర్వాహకులు మాత్రమే నిర్ణయించలేదు. వారికంటె ముందు రాజులు, వాస్తుశిల్పులు నిర్ణయించారు. ఈ రెండు నిర్ణయాల మధ్య ఘర్షణే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. కోట నుండి ప్రాసాదానికి

లూవ్ర్ పుట్టుక కళతో సంబంధం లేనిది. 1190 ప్రాంతంలో ఫిలిప్ ఆగస్ట్ రాజు క్రూసేడు యుద్ధానికి బయలుదేరే ముందు పారిస్ నగరానికి పశ్చిమరక్షణగా సెన్ నది ఒడ్డున దీనిని కట్టించాడు. చుట్టూ అగడ్త, మూలల బురుజులు, నడుమ సుమారు 30 మీటర్ల ఎత్తైన గుండ్రని మహాబురుజు ఉండేవి. ఈ కోట పునాదులు నేటికీ సుల్లీ విభాగపు నెలమాళిగలో కనిపిస్తాయి. అగడ్త అడుగున నడుస్తూ పాత గోడరాళ్లను చేతికందేంత దగ్గరగా చూడవచ్చు. చాలామంది సందర్శకులు త్వరగా దాటిపోయే ఈ భాగమే భవనం మొత్తానికి తాళపుచెవి. పైన ఉన్న వైభవమంతా ఒక సైనికకట్టడం మీద నిలిచి ఉన్నదని ఈ రాళ్లు చెబుతాయి.

14వ శతాబ్దిలో ఐదవ చార్లెస్ ఈ కోటను నివాసయోగ్యంగా మార్చి, ఒక బురుజులో సుమారు 900 రాతప్రతులతో గ్రంథాలయాన్ని ఏర్పరచాడు. మొదటి ఫ్రాన్స్వా 1528లో మహాబురుజును పడగొట్టించి, 1546లో పియేర్ లెస్కో అనే వాస్తుశిల్పికి కొత్త ప్రాసాదం పని అప్పగించాడు. నాలుగవ హెన్రీ 1595–1610 మధ్య నది వెంబడి సుమారు 450 మీటర్ల పొడవైన మహాగ్యాలరీని కట్టించి, లూవ్ర్‌ను తూయిలరీ ప్రాసాదంతో కలిపాడు. దాని కింది అంతస్తులో చిత్రకారులకు, శిల్పులకు, చేతిపనివారికి నివాసాలు ఇచ్చాడు. భవనంలో కళ తొలిసారి స్థిరంగా కాపురం పెట్టింది రాజు మేడ కింద, రాజాశ్రయంగానే.

పదునాల్గవ లూయీ కాలంలో తూర్పుముఖాన స్తంభశ్రేణి వెలసింది. కాని 1682 నాటికి రాజసభ వెర్సాయి ప్రాసాదానికి తరలిపోయింది. ఖాళీ అయిన గదులలో అకాడమీలు చేరాయి. 1692లో చిత్ర, శిల్ప అకాడమీ ఇక్కడికి వచ్చింది. 1737 నుండి అకాడమీ సభ్యుల చిత్రప్రదర్శనలు ‘సలోం కారె’ అనే చతురస్రశాలలో క్రమంగా జరిగాయి. ఆ శాల పేరు మీదుగానే అటువంటి ప్రదర్శనలకు ‘సలోం’ అన్న పేరు స్థిరపడింది. రాజసొత్తు అయిన భవనంలో ఊరి జనం గుమిగూడి చిత్రాల మంచిచెడ్డలను బహిరంగంగా చర్చించుకొనడం అక్కడే అలవాటైంది. 1759 నుండి దిదెరో ఈ ప్రదర్శనలపై రాసిన సమీక్షలు ఆధునిక కళావిమర్శకు ఆరంభదశ. అంటే విప్లవం తలుపులు తెరవక ముందే కొంతమంది ప్రజలు లోపలికి వచ్చి ఉన్నారు; అతిథులుగా, ఏడాదిలో కొన్ని రోజులకు మాత్రమే.

3. 1793: అతిథి హక్కుదారు కావడం

రాజుల చిత్రసంపద చీకటిగదులలో పాడవుతున్నదని, దానిని జనం చూసేందుకు వీలుగా ప్రదర్శించాలని లా ఫోం ద సెం-యెన్ 1747లో ఒక రచనలో కోరాడు. ఫలితంగా 1750 నుండి 1779 వరకు లుక్సంబూర్ ప్రాసాదంలో రాజసేకరణలోని సుమారు 100 చిత్రాలను వారానికి రెండు రోజులు చూడనిచ్చారు. మహాగ్యాలరీని ప్రదర్శనశాలగా మార్చే ప్రణాళిక కూడా రాజాజ్ఞతోనే మొదలైంది. కాబట్టి లూవ్ర్ ప్రదర్శనశాల పూర్తిగా విప్లవసృష్టి అనడం చారిత్రకంగా సరికాదు. విప్లవం చేసినది ఒక్కటే, కాని అది పెద్ద మార్పు: అనుగ్రహాన్ని హక్కుగా మార్చింది.

ప్రారంభదినం ఎంపికలోనే ఆ భావం కనిపిస్తుంది. 1792 ఆగస్టు 10న ప్రజలు తూయిలరీ ప్రాసాదంపై దాడి చేయడంతో రాజరికం కూలింది. సరిగ్గా ఏడాదికి, 1793 ఆగస్టు 10న, లూవ్ర్ ప్రదర్శనశాల ఆరంభమైంది. అప్పుడు అక్కడ ఉంచినవి 537 చిత్రాలు. అవి ఎక్కువగా రాజు నుండి, చర్చి నుండి స్వాధీనం చేసుకొన్నవి. విప్లవప్రభుత్వం పది రోజులను ఒక వారంగా లెక్కించేది. అందులో ఐదు రోజులు చిత్రకారుల అభ్యాసానికి, రెండు రోజులు శుభ్రపరచడానికి, మూడు రోజులు సాధారణప్రజలకు కేటాయించారు. ‘అందరిదీ’ అన్న సంస్థలో కూడా వృత్తికారులకు ఎక్కువ పాలు దక్కిందన్న విషయం ఈ లెక్కలో ఉన్నది. అయినా మూడు రోజుల పాటు ప్రవేశం ఉచితం, అడ్డు లేనిది. 1922 వరకు లూవ్ర్‌లో ప్రవేశరుసుము లేదు.

4. సేకరణల మూలాలు: విజయం, తవ్వకం, కొనుగోలు

రాజసొత్తు ప్రజాసొత్తు అయినదన్న కథ సగమే నిజం. లూవ్ర్‌లోని వస్తువులన్నీ ఫ్రెంచి రాజులవి కావు. 1790ల యుద్ధాలలో ఫ్రెంచి సేనలు ఇటలీ, బెల్జియం తదితర ప్రాంతాల నుండి వేలకొద్దీ కళాఖండాలను పారిస్‌కు తరలించాయి. 1803లో సంస్థ పేరే నెపోలియన్ ప్రదర్శనశాలగా మారింది. స్వేచ్ఛ పుట్టిన దేశంలోనే స్వేచ్ఛకు చెందిన కళ ఉండాలన్నది అప్పటి సమర్థన. దీనిని ఫ్రాన్సులోనే వ్యతిరేకించినవారు ఉన్నారు. కళాఖండం తన ఊరి వెలుగుతో, నేలతో, చుట్టూ ఉన్న ఇతర కట్టడాలతో కలిసినప్పుడే అర్థవంతమని, పెకలించి తెస్తే అది విరిగిన ముక్క అవుతుందని కాత్ర్‌మేర్ ద కెన్సీ 1796లో లేఖారూపంలో వాదించాడు. నేటి యాజమాన్యవివాదాలలో వినిపించే వాదానికి ఇది తొలిరూపాలలో ఒకటి. 1815లో నెపోలియన్ ఓటమి తరువాత సుమారు 5,000 వస్తువులు తిరిగి వెళ్లాయి. అన్నీ వెళ్లలేదు.

19వ శతాబ్దిలో తవ్వకాలు ప్రధానవనరు అయ్యాయి. 1826లో చిత్రలిపి రహస్యాన్ని ఛేదించిన షాంపోలియన్ ఈజిప్టు విభాగానికి అధిపతి అయ్యాడు. ఇరాన్‌లోని సూసా వద్ద 1901–02లో ఫ్రెంచి పురావస్తుబృందానికి హమ్మురాబీ శాసనస్తంభం దొరికింది. 2.25 మీటర్ల ఎత్తైన ఈ నల్లరాతి స్తంభం నిజానికి సూసాది కాదు. క్రీ.పూ. 12వ శతాబ్దిలో ఎలామ్ రాజు షుత్రుక్ నహ్‌హుంతె దానిని మెసొపొటేమియా నుండి యుద్ధవిజయచిహ్నంగా తెచ్చుకొన్నాడు. పారిస్‌లో మనం చూస్తున్నది రెండుసార్లు స్థలం మారిన వస్తువు. జయించినవాని నగరులో జయించబడినవాని శాసనం ఉండడమన్న ఆచారం యూరపులో పుట్టినది కాదని, లూవ్ర్ దానికి ఇటీవలి గూడు మాత్రమేనని ఈ స్తంభం బోధిస్తుంది. ఇది ఎవరి చర్యకూ సమర్థన కాదు. ప్రాసాదానికీ కొల్లగొట్టిన సంపదకూ ఉన్న పురాతనసంబంధానికి సాక్ష్యం.

5. నడకదారిలో ప్రాసాదం

5.1. ద్వారం

1981లో ప్రకటించిన ‘గ్రాం లూవ్ర్’ ప్రణాళిక మేరకు, 1871 నుండి ఒక పార్శ్వాన్ని ఆక్రమించి ఉన్న ఆర్థికమంత్రిత్వశాఖను 1989లో ఖాళీ చేయించారు. 1993లో ఆ భాగం రిషెల్యూ విభాగంగా తెరచుకొన్నది. చైనీయ-అమెరికన్ వాస్తుశిల్పి ఐ. ఎం. పే రూపొందించిన 21 మీటర్లకు పైగా ఎత్తైన గాజుపిరమిడ్ 1989లో ప్రధానద్వారమైంది. దీని సౌందర్యంపై వాదాలు ఎన్ని జరిగినా దాని పని వేరు. ప్రాసాదంలో ప్రతి ద్వారానికీ ఒక హోదా ఉండేది. పిరమిడ్ ఆ హోదాలన్నిటినీ పక్కన పెట్టి, అందరినీ నేల కిందకు దించి, ఒకే శాల నుండి మూడు విభాగాలకు పంపుతుంది. రాజసోపానం ఎక్కి లోపలికి వెళ్లే భవనంలోకి ఇప్పుడు దిగి ప్రవేశిస్తాం. ఇది 1793 నాటి ఆశయానికి వాస్తురూపం. కాని ఒకే ద్వారమన్న ఈ సమానత్వమే నేడు రద్దీకి కారణమైంది. ఏడాదికి సుమారు 40 లక్షల మందిని దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటుకు 2024లో వచ్చినవారు సుమారు 87 లక్షలు.

5.2. మెట్లు

దెనోం విభాగంలో దారు సోపానం పైభాగాన సమోత్రాస్ విజయదేవత నిలిచి ఉన్నది. 1863లో ఏజియన్ సముద్రంలోని సమోత్రాస్ దీవిలో దొరికిన ఈ చలువరాతి శిల్పానికి తల, చేతులు లేవు. ఓడ ముందుభాగంపై వాలిన భంగిమలో, గాలికి ఒంటికంటుకొన్న వస్త్రంతో, రెక్కలు విప్పి ఉన్నది. మెట్ల కింద నిలిచినవానికి అది పైనుండి ఎదురు వస్తున్నట్లు తోస్తుంది. ఈ అనుభూతిలో శిల్పి పాలెంత, మెట్ల పాలెంత? సోపానం మూడవ నెపోలియన్ కాలపు వాస్తుశిల్పి లెఫుయెల్ చేపట్టినది. శిల్పాన్ని అక్కడ నిలిపింది 1880లలో. ఎక్కివచ్చేవానిని చిన్నవానిగా చేసి, పైన ఉన్నదానిని పెద్దగా చూపడం రాజసోపానం పని. రాజు నిలవవలసిన చోట ఇప్పుడు ఒక గ్రీకు శిల్పం నిలిచింది. స్థానం మారలేదు; నిలిచినది మారింది.

5.3. సభాశాల

మోనాలిసా ఉన్న గది పేరు ‘సాల్ దెజెతా’. మూడవ నెపోలియన్ శాసనసభాసమావేశాల కోసం కట్టించిన విశాలమైన సభాశాల అది. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల చిన్న పలకచిత్రానికి అంత పెద్ద సభాశాల కావలసివచ్చింది. కారణం చిత్రపరిమాణం కాదు, జనసమూహం. లియోనార్దో చేతిపని చిన్నగదిలో, ఒకరిద్దరు దగ్గరగా నిలిచి చూడవలసిన స్వభావం కలది. కనుకొలకులలో, పెదవుల అంచున రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని సున్నితత్వం దాని ప్రాణం. అద్దం వెనుక, కటకటాల అవతల, కొన్ని మీటర్ల దూరం నుండి ఆ సున్నితత్వం కనబడదు.

తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. వరుసలో చాలాసేపు నిలబడి, ఎదుటికి చేరిన క్షణంలోనే ముందుకు కదలవలసిరావడం తిరుమలలో లఘుదర్శనం, మహాలఘుదర్శనం అన్న మాటలు తెలిసినవారికి సుపరిచితం. కాని పోలిక ఇక్కడ ఆగుతుంది. దర్శనంలో భక్తుడు చూడడం ఎంత ముఖ్యమో, దైవం దృష్టి తనపై పడడం అంతే ముఖ్యం. క్షణమైనా ఆ ఫలం సిద్ధిస్తుందని విశ్వాసం. చిత్రాన్ని చూడడానికి అటువంటి విశ్వాసపు ఆధారం లేదు, సమయమే ఆధారం. దర్శనానికి క్షణం చాలు, పరిశీలనకు చాలదు. సెల్‌ఫోనులో చిత్రాన్ని బంధించి వెనుదిరిగేవారిని నిందించడం సులభం. వారికి ఆ గది ఇచ్చే అవకాశం అంతకు మించి లేదన్నది గుర్తించవలసిన సంగతి.

అదే గదిలో ఎదురుగోడపై పావొలో వెరొనేసే చిత్రించిన ‘కానా పెండ్లివిందు’ ఉన్నది. 6.77 మీటర్ల ఎత్తు, 9.94 మీటర్ల వెడల్పు కలిగిన ఈ చిత్రం 1563లో వెనిస్‌లోని ఒక మఠపు భోజనశాల కోసం పూర్తయింది. సన్యాసులు భోజనం చేసే గదిలో విందు చిత్రం. చిత్రంలోని స్తంభాలు ఆ గది వాస్తువుకు కొనసాగింపు. 1797లో నెపోలియన్ సేన దీనిని తెచ్చింది. 1815 తరువాత తిరిగి పంపక, బదులుగా మరొక చిత్రాన్ని వెనిస్‌కు ఇచ్చారు. 2007లో దీని డిజిటల్ ప్రతిరూపాన్ని తయారుచేసి ఆ భోజనశాలలో నిలిపారు. మూలం పారిస్‌లో స్థలం కోల్పోయి ఉన్నది, వెనిస్‌లో స్థలం మూలం కోల్పోయి ఉన్నది. కాత్ర్‌మేర్ ద కెన్సీ వాదాన్ని ఇంతకంటె స్పష్టంగా చూపగల ఉదాహరణ అరుదు. సభాశాలలో వేలమంది ఈ చిత్రానికి వీపు చూపి నిలబడతారు. పరిశోధకుడు చేయవలసిన పని సులభం: వెనక్కి తిరగడం.

6. అపోలో గ్యాలరీ: కొల్లూరు రాయి

1661 అగ్నిప్రమాదం తరువాత పదునాల్గవ లూయీ తిరిగి కట్టించిన అపోలో గ్యాలరీలో ప్రాసాదమూ ప్రదర్శనశాలా విడదీయరానంతగా కలిసిపోయి ఉన్నాయి. తనను సూర్యునితో పోల్చుకొన్న రాజు కోసం షార్ల్ ల బ్రం దీని పైకప్పును సూర్యదేవుని కథలతో రూపొందించాడు. రాజు వెర్సాయికి మరలడంతో అసంపూర్ణంగా మిగిలిన నడిమి చిత్రాన్ని రెండు శతాబ్దుల తరువాత, 1851లో, దెలాక్రువా పూర్తిచేశాడు. రాజరికపు ఆభరణాలలో మిగిలినవాటిని ఈ గదిలోనే ప్రదర్శించారు. ‘మిగిలినవి’ అనడానికి కారణం ఉంది. రాజరికం తిరిగి తలెత్తకూడదన్న భావంతో ఫ్రెంచి గణతంత్రం 1887లో కిరీటపు నగలలో అధికభాగాన్ని వేలం వేసింది. చారిత్రకప్రాధాన్యం ఉన్న కొన్నిటినే లూవ్ర్‌కు ఇచ్చింది.

అలా ఇచ్చినవాటిలో మేటి ‘రీజెంట్’ వజ్రం. బరువు 140.64 కారట్లు. ఇది 17వ శతాబ్ది చివర గోల్కొండ రాజ్యంగా ఉండిన ప్రాంతంలో, కృష్ణాతీరాన నేటి పల్నాడు జిల్లాకు చెందిన కొల్లూరు గనిలో దొరికింది. మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతంలో జామ్‌చంద్ అనే వర్తకుని నుండి 48,000 వరహాలకు దీనిని కొన్నాడు. ఇంగ్లండులో సాన పట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఫిలిప్ దొర్లెయాంకు అమ్మాడు. 1722లో పదునైదవ లూయీ పట్టాభిషేకంలో కిరీటంలో నిలిచింది. 1792లో రాజభాండాగారం నుండి చోరీకి గురై మరుసటి ఏడు దొరికింది. తరువాత నెపోలియన్ కత్తిపిడిలో వెలిగింది.

ఈ రాయికి వచ్చిన పేర్లను వరుసగా గమనించాలి. మొదట పిట్ వజ్రం, ఆపైన రీజెంట్ వజ్రం. కొన్నవారి పేర్లే రాయికి పేర్లయ్యాయి. దొరికిన చోటు పేరు గాని, తవ్వినవారి జాడ గాని పేరులో లేదు. కొల్లూరును 17వ శతాబ్ది నడుమ సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, అక్కడ స్త్రీలు, పిల్లలతో సహా సుమారు 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఆ సంఖ్య అతని అంచనాయే కావచ్చు. అయినా మట్టి తవ్వి, మోసి, కడిగి, ఏరిన చేతులు అసంఖ్యాకమన్నంత వరకు సందేహం లేదు. ఒక కూలి ఈ రాయిని తన కాలిగాయంలో దాచుకొని పారిపోయి, ఓడలో హత్యకు గురయ్యాడన్న కథ ప్రచారంలో ఉంది. దానిని చరిత్రగా అంగీకరించడానికి ఆధారం లేదు. కాని ఒక విషయం గమనించదగినది: ఈ రాయి చరిత్రలో గనికూలి కనిపించే ఒకే ఒక్క చోటు ఆ కట్టుకథ, అందులో కూడా అతడు పేరులేని దొంగ. గని ఉండిన ప్రాంతం నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. రాయి మిగిలింది, రాజు మిగలకపోయినా రాజు పేరు మిగిలింది, గని నీటిలో కలిసింది.

2025 అక్టోబరు 19న పట్టపగలు దొంగలు నదివైపు బాల్కనీకి యంత్రనిచ్చెన వేసి ఈ గ్యాలరీలోకి ప్రవేశించి, కొద్ది నిమిషాలలో ఎనిమిది ఆభరణాలను తీసుకొనిపోయారు. రీజెంట్ వజ్రాన్ని వారు తీసుకొనలేదు. తరువాత కొన్ని ఆభరణాలను ఫ్రాన్స్ బ్యాంకు ఖజానాకు తరలించారు. ఈ ఘటనను భద్రతాలోపంగానే చర్చించారు, అది నిజమే. దానికి తోడు ఇది ప్రాసాదవాస్తువుకు సంబంధించిన సంగతి కూడా. నది అందం చూడడానికి రాజులు పెట్టుకొన్న బాల్కనీలు, నిలువెత్తు కిటికీలు ఖజానాకు తగిన గోడలు కావు. ప్రాసాదాన్ని ప్రదర్శనశాలగా ఉంచుకొనడానికి చెల్లించవలసిన మూల్యంలో ఇది ఒక భాగం.

7. ‘ప్రజ’ అన్న మాటకు హద్దులు

1793లో తలుపులు తెరచినది ఎవరికోసం? ‘ప్రజలకోసం’ అన్న సమాధానం సరళమైనదే కాని సంపూర్ణం కాదు. సామాజికశాస్త్రవేత్త పియేర్ బూర్దియూ, అలెం దర్బెల్‌తో కలిసి 1966లో ప్రచురించిన అధ్యయనంలో, యూరపు కళాప్రదర్శనశాలలకు ఎవరు వెళతారన్నది టికెట్టు ధరకంటె చదువుపైనే ఎక్కువ ఆధారపడి ఉన్నదని చూపాడు. ఏమి చూడాలో, ఎలా చూడాలో నేర్చుకొన్న వానికే తెరచిన తలుపు నిజంగా తెరచినట్లు. మిగిలినవారికి అది కనబడని మొగసాల.

ఇప్పుడు డబ్బు హద్దు కూడా తోడైంది. 2025 జనవరిలో ఫ్రెంచి అధ్యక్షుడు ప్రకటించిన పునరుద్ధరణప్రణాళికలో తూర్పున కొత్త ద్వారం, మోనాలిసాకు ప్రత్యేకశాల ఉన్నాయి. దానితో పాటు యూరపు ఆర్థికమండలికి వెలుపలి దేశాల సందర్శకులకు వేరు ధర నిర్ణయించారు. 2026 జనవరి నుండి వారికి రుసుము 22 యూరోలకు బదులు 32 యూరోలు. పాతభవనాన్ని నిలబెట్టడానికి ధనం కావాలన్న వాదం తోసిపుచ్చదగినది కాదు. మన దేశంలోనూ పురావస్తుశాఖ కట్టడాలలో విదేశీయులకు ఎక్కువ రుసుము ఉన్నది. కాని భేదం ఒకటి ఉన్నది. తాను మానవాళి అంతటి సంపదకు నిలయమని చెప్పుకొనే సంస్థలో, ఆ సంపదలో కొంత ఎవరి నేల నుండి వెళ్లిందో వారే ఎక్కువ చెల్లించి చూడవలసిరావడం ఆ మాటకు పొసగదు. పల్నాడు నుండి వెళ్లిన విద్యార్థి ఈజిప్టు విద్యార్థి పక్కన అదే వరుసలో నిలుస్తాడు.

8. తెలుగు పరిశోధకునికి ఉపకరించే అంశాలు

లూవ్ర్‌లో అమరావతిశిల్పాల కోసం వెదకడం వృథా. 1945లో ఫ్రెంచి జాతీయసేకరణలను పునర్వ్యవస్థీకరించినప్పుడు లూవ్ర్‌లోని ఆసియా కళావస్తువులను గిమే ప్రదర్శనశాలకు, గిమేలోని ఈజిప్టు వస్తువులను లూవ్ర్‌కు మార్చారు. కృష్ణాలోయ బౌద్ధశిల్పాలను పారిస్‌లో చూడదలచినవారు గిమేకు వెళ్లాలి. భారతదేశం లూవ్ర్‌లో ఇస్లామీయ కళావిభాగంలోని మొఘలుకాలపు వస్తువులలో ఒక పక్క, రాజాభరణాలలో మరొక పక్క కనిపిస్తుంది. వర్గీకరణ కూడా ఒక గోడయేనని, ఒకే నేల సంపదను అది వేర్వేరు ఇళ్లకు పంచుతుందని దీనివలన గ్రహించవచ్చు.

పోలికకు మన చేరువలో హైదరాబాదు ఉన్నది. సాలార్‌జంగ్ ప్రదర్శనశాల 1951లో ఆ వంశపు నివాసమైన దివాన్ దేవిడీలోనే మొదలైంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున కొత్తభవనానికి మారింది. అక్కడ నివాసం పోయి సేకరణ మిగిలింది. లూవ్ర్‌లో నివాసమూ సేకరణా రెండూ మిగిలాయి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ దేవిడీలో ఒక ప్రభువు అభిరుచికి గుర్తుగా ఉండేది. కొత్తభవనంలో అది యూరపు శిల్పకళకు ఉదాహరణ. వస్తువు అదే, ఇల్లు మారితే చెప్పే కథ మారింది. ఈ రెండు సంస్థల తులనాత్మకాధ్యయనానికి తెలుగులో మంచి అవకాశం ఉన్నది.

9. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి:

1. లూవ్ర్ ప్రదర్శనశాల రాజరికపు ఆలోచనగా మొదలై విప్లవంతో హక్కుగా మారింది. దాని కొత్తదనం వస్తువులలో కాదు, సందర్శకుని స్థానంలో ఉన్నది.

2. సోపానం, సభాశాల, గ్యాలరీ వంటి ప్రాసాదభాగాలు తమ పాతపనిని మానలేదు. రాజు స్థానంలో కళాఖండాన్ని నిలిపి, అదే భక్తిని, అదే దూరాన్ని కోరుతున్నాయి.

3. హమ్మురాబీ స్తంభం, కానా విందు చిత్రం, రీజెంట్ వజ్రం మూడు భిన్నమార్గాలలో వచ్చాయి: తవ్వకం, యుద్ధం, కొనుగోలు. అన్నిటినీ ‘దోపిడి’ అన్న ఒక్క మాటలో కలపడం గాని, ‘సేకరణ’ అన్న మాటతో కప్పడం గాని శాస్త్రీయం కాదు. ప్రతి వస్తువుకూ దాని ప్రయాణచరిత్రను విడిగా రాయాలి.

4. కొల్లూరు వజ్రం చరిత్రను కొన్నవారి వైపు నుండి ఎందరో రాశారు. గని వైపు నుండి, తవ్వినవారి వైపు నుండి రాయవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులది. స్థానికచరిత్రలు, కైఫీయతులు, మునకగ్రామాలవారి జ్ఞాపకాలు ఇందుకు వెదకదగిన తావులు.

రాజగృహంలో కళను చూడడానికి వెళ్లేవాడు గోడమీది చిత్రంతో పాటు గోడను, మెట్ల పైనున్న శిల్పంతో పాటు మెట్లను, వజ్రపు వెలుగుతో పాటు దాని పేరులో లేని ఊరిని చూడగలిగితే ఆ సందర్శన సార్థకమవుతుంది. తలుపు తెరచి రెండు శతాబ్దులు దాటింది. లోపల ఏమి అడగాలన్నది మాత్రం వెళ్లేవాడు తనతో తీసుకొనిపోవలసినదే.